నిషాదం మారే చోటు

‘ఆటమ్ లీవ్స్’ పాటలో మొదటి ఎనిమిది బార్లు పియానో మీద ఒక్క వేలితో, కార్డులేవీ లేకుండా నెమ్మదిగా వాయించుకుంటే చాలు, జాజ్‌లో మైనర్ అంటే ఏమిటో సగం బోధపడుతుంది. జీ మైనర్‌లో తీసుకుందాం. జీ మనకు షడ్జం. పాట స రి గ అని మూడు మెట్లెక్కి ధైవతం మీదికి ఎగిరి నిలబడుతుంది. తర్వాత మంద్ర నిషాదం నుంచి ని స రి అని ఎక్కి పంచమం మీదికి. మరో మెట్టు కింద నుంచి ధ ని స అని మధ్యమం మీదికి. నాలుగోసారి ప ధ ని అని గాంధారం మీదికి. ప్రతి పలుకూ పైకే ఎక్కుతుంది. నిలబడిన చోట్లు మాత్రం వరసగా చూడండి: ధ, ప, మ, గ. ఎక్కుతూ ఎక్కుతూనే పాట దిగిపోతోంది. దుఃఖాన్ని ఇంత తక్కువ సామగ్రితో కట్టిన పాటలు నేను ఎక్కువ వినలేదు.

ఇంకొంచెం దగ్గరగా వినాలి. మూడో పలుకులో ఉన్నవి శుద్ధ ధైవతం, కైశిక నిషాదం. నాలుగో పలుకుకు వచ్చేసరికి అవే ధ ని లు అర మెట్టు పైకి జరిగి చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం అయిపోతాయి. పాతవి చెవిలో ఇంకా మోగుతుండగానే కొత్తవి వచ్చి పడతాయి. మొదటి మూడు పలుకుల్లో చివరి ఎగురు అయిదు స్వరస్థానాల దూరం: గ నుంచి ధ, రి నుంచి ప, స నుంచి మ. నాలుగోసారి నిషాదం పైకి జరిగింది కాబట్టి గాంధారం నాలుగు స్థానాల దూరంలోనే తగులుతుంది. మూడుసార్లు వినీ వినీ అలవాటైన దూరం ఒక్కసారిగా తగ్గేసరికి గొంతు దగ్గర ఏదో పట్టేసినట్టవుతుంది. ఆ పట్టే ఈ పాటకు ప్రాణం. జాజ్ వాళ్లు డెబ్బై ఏళ్లుగా ఈ పాటను వదలకపోవడానికి కారణం అదేనని నా నమ్మకం.

ఈ స్వరం కట్టినవాడు జోసెఫ్ కోస్మా. 1905లో బుడాపెస్ట్‌లో పుట్టి, 1933లో పారిస్ చేరిన యూదు సంగీతకారుడు. జర్మన్ ఆక్రమణ కాలంలో సొంత పేరుతో పని చేసే వీలులేక ఇతరుల పేర్ల చాటున స్వరాలు కట్టాడు. 1945లో రోలాండ్ పెతీ బాలేకు చేసిన సంగీతంలోంచి ఈ బాణీ పుట్టింది. దానికి కవి జాక్ ప్రెవేర్ మాటలు రాస్తే, 1946లో మార్సెల్ కార్నే సినిమాలోకి ఎక్కింది. ఇంగ్లిషు మాటలు జానీ మెర్సర్‌వి. ఫ్రెంచి పాటకు ముందు సాకీ లాంటి భాగం ఒకటి ఉంటుంది. జాజ్ వాళ్లు దాన్ని వదిలేసి 32 బార్ల పల్లవినే ఉంచుకున్నారు. రాలే ఆకులూ విడిపోయిన ప్రేమికులూ మాటల్లో ఉంటే ఉండనీ, నాకు కావలసింది ఆ 32 బార్ల నడకే.

మేళకర్తల పట్టికలో 20 నుంచి 23 దాకా ఉన్న నాలుగు రాగాలను పక్కపక్కన పెట్టుకుంటే జాజ్ వాళ్లు మైనర్‌లో తిరిగే చోటు దాదాపుగా అక్కడే కనిపిస్తుంది. నఠభైరవి, కీరవాణి, ఖరహరప్రియ, గౌరీమనోహరి. నాలుగింటికీ స రి గ మ ప లు ఒకటే. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం. తేడా అంతా ధ ని లలోనే ఉంది. వాళ్ల నేచురల్ మైనర్ మన నఠభైరవి, హార్మోనిక్ మైనర్ కీరవాణి, డోరియన్ ఖరహరప్రియ, మెలోడిక్ మైనర్ ఎక్కే వరస గౌరీమనోహరి. త్యాగరాజస్వామి ‘కలిగియుంటే’ను కీరవాణిలో, ‘చక్కని రాజమార్గము’ను ఖరహరప్రియలో, ‘గురులేక ఎటువంటి’ని గౌరీమనోహరిలో చేశారు. మూడూ విన్న చెవికి ధ ని లు అర మెట్టు జరిగితే లోకం ఎంత మారిపోతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే మన దగ్గర కీరవాణి ఎత్తుకున్నాక కృతి ముగిసేదాకా కీరవాణే. జాజ్ పాటలో 32 బార్లు తిరిగేలోపల ఈ నాలుగింటి నీడలూ వచ్చి పోతాయి. భైరవి పాడేవాళ్లకు ఈ సంగతి కొంత పరిచయమే. ‘విరిబోణి’ వర్ణంలో పైకి వెళ్లేటప్పుడు చతుశ్రుతి ధైవతం, దిగేటప్పుడు శుద్ధ ధైవతం. ఒకే స్వరం దిక్కును బట్టి స్థానం మార్చుకుంటుంది. మైనర్ కూడా ఈ తోవలోనిదే. కాకపోతే అది నిషాదాన్ని కూడా కలుపుకుంది. దిక్కు ఒక్కటే చూడదు, కింద మోగుతున్న కార్డును కూడా చూస్తుంది. నేను మైనర్‌ను ఒక రాగంగా అనుకోవడం మానేసి, నిలకడలేని రెండు స్వరాల కథగా వినడం మొదలుపెట్టాక ఈ సంగీతం నాకు తెరుచుకుంది.

కార్డుల దగ్గరికి వద్దాం. మొదటి ఎనిమిది బార్లలో వరసగా వచ్చేవి సీ మైనర్ సెవెన్, ఎఫ్ సెవెన్, బీ ఫ్లాట్ మేజర్, ఈ ఫ్లాట్ మేజర్, ఏ హాఫ్ డిమినిష్డ్, డీ సెవెన్, జీ మైనర్. ఒక్కోటి ఒక్కో బార్, చివరి జీ మైనర్‌కు రెండు. ఏడు కార్డుల పునాది స్వరాలు కలిపితే స్కేల్‌లోని ఏడు స్వరాలూ వచ్చేస్తాయి. పాట ఇంటి దగ్గర మొదలు కాదు. ఎక్కడో మధ్యమం మీద మొదలై, నాలుగు బార్ల పాటు ఇది హాయిగా సాగే బీ ఫ్లాట్ మేజర్ పాటే అని మనల్ని నమ్మిస్తుంది. అబద్ధమూ కాదు. నఠభైరవిలో గాంధారాన్ని షడ్జం చేసుకుంటే శంకరాభరణం వస్తుందని గ్రహభేదం తెలిసినవాళ్లకు తెలుసు. స్వరాలు అవే, కూర్చున్న పీట మారింది. మధ్యలో వచ్చే ఈ ఫ్లాట్ మేజర్ కార్డు పుట్టింటికీ మెట్టినింటికీ సమానంగా చెందిన ఆడపడుచు లాంటిది. శంకరాభరణం వైపు నుంచి చూస్తే అది మధ్యమం, జీ మైనర్ వైపు నుంచి చూస్తే ధైవతం. దాన్ని పట్టుకునే పాట ఇటు నుంచి అటు దాటిపోతుంది.

మొదట చెప్పిన నాలుగు నిలుపులు కార్డులతో కలిపి విన్నప్పుడు ఇంకో సంగతి బయటపడుతుంది. ప్రతి నిలుపూ కింది కార్డుకు గాంధారమే. సీ మైనర్‌కు ఈ ఫ్లాట్, బీ ఫ్లాట్‌కు డీ, ఏ హాఫ్ డిమినిష్డ్‌కు సీ, జీ మైనర్‌కు బీ ఫ్లాట్. ఒక కార్డు మేజరా మైనరా తేల్చేది గాంధారమే. కోస్మా బాణీ ప్రతిసారీ సరిగ్గా ఆ తేల్చే స్వరం మీదే కాలు పెడుతోంది. అందుకే ఈ పాటను తోడు లేకుండా ఒంటిగా పాడినా కింద కార్డులు వినిపిస్తున్నట్టే ఉంటుంది.

అసలు రసం అయిదో బార్‌కూ ఆరో బార్‌కూ మధ్య ఉంది. ఏ హాఫ్ డిమినిష్డ్ అంటే ఏ, సీ, ఈ ఫ్లాట్, జీ. మన లెక్కలో రి మ ధ స. తర్వాతి డీ సెవెన్‌ను జాజ్ వాళ్లు ఫ్లాట్ నైన్ కలిపి వాయిస్తారు. బాస్‌లో డీ ఉంటుంది, పైన నాలుగు స్వరాలు: రి మ ధ, కాకలి ని. రెంటినీ పోల్చి చూడండి. కుడిచేతిలో మూడు వేళ్లు ఉన్నచోటే ఉంటాయి. ఒక్క వేలు కదులుతుంది. స ఉన్న చోటి నుంచి అర మెట్టు దిగి ని అవుతుంది. అంతే. మన సంగీతంలో షడ్జం అచలం, దానికి వికృతి లేదు, తంబురా దాన్ని క్షణం వదలదు. ఇక్కడ షడ్జమే తన పీట దిగి ఒక బార్ సేపు కాకలి నిషాదమై కూర్చుంటుంది. ఏడో బార్‌లో మళ్లీ లేచి తన చోటికి వస్తుంది. అది పైకి వస్తుంటే ధైవతం పంచమానికి, మధ్యమం గాంధారానికి దిగి వచ్చి కలుస్తాయి. ఒకటి అర మెట్టు ఎక్కడం, మరొకటి అర మెట్టు దిగడం, ఇంకొకటి నిండు మెట్టు దిగడం. మూడు గొంతులు కలిసి చేసే ఈ చిన్న కదలిక దగ్గర నాకు ప్రతిసారీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఈ హాఫ్ డిమినిష్డ్ అనే పేరు కూడా తర్వాత స్థిరపడినదే. డిజ్జీ గిలెస్పీ తన ఆత్మకథలో, ఆ రోజుల్లో తాము దాన్ని ఆరో స్వరం బాస్‌లో ఉన్న మైనర్ సిక్స్త్‌గానే అనుకునేవాళ్లమనీ, అది తనకు థెలోనియస్ మంక్ చూపించాడనీ రాసుకున్నాడు. అంటే ఏ హాఫ్ డిమినిష్డ్ అంటే అట్టడుగున ఏ పెట్టుకున్న సీ మైనర్. నేర్చుకునేవాళ్లకు ఇంత మేలు చేసే మాట ఇంకొకటి లేదు. మొదటి బార్‌లో వాయించిన సీ మైనర్ పలుకునే అయిదో బార్‌లో మళ్లీ వాయించవచ్చు. కింద బాస్ మారింది కాబట్టి అదే పలుకు ఈసారి హాయిగా కాక బెంగగా వినిపిస్తుంది.

మరి మనోధర్మం? దీని మీద తిరిగేవాడి ముందు చాలా దారులున్నాయి. డీ సెవెన్ మీద జీ నుంచి కీరవాణి వాయించవచ్చు. డీని పీటగా అనుకుంటే అది మనకు వకుళాభరణం. లేదా ఈ ఫ్లాట్ నుంచి గౌరీమనోహరి వాయించవచ్చు. ఇది ఘాటు ఎక్కువైన దారి, డీ కార్డుకు పైన ఉండే స్వరాలన్నిటినీ వంచేస్తుంది. ఆ లెక్కన ఏ హాఫ్ డిమినిష్డ్ మీద సీ నుంచి, డీ కార్డు మీద ఈ ఫ్లాట్ నుంచి, చివరి జీ మైనర్ మీద జీ నుంచి మూడుసార్లూ గౌరీమనోహరే. చేతికి ఒక్కటే ఆకారం, పీట మూడుసార్లు మారుతుంది. లెక్క ముచ్చటగా ఉంది. పాఠాలు చెప్పేవాళ్లకు ఇదంటే మహా ఇష్టం. నాకు మాత్రం ఇలా స్కేల్ వెనక స్కేల్ అతికించిన సోలోలు వింటుంటే ఎవరో నిఘంటువు చదువుతున్నట్టే ఉంటుంది. జీ బ్లూస్ స్కేల్ ఒక్కటి పట్టుకుని 32 బార్లూ గడిపేవాళ్లది ఇంకో తీరు. అది తప్పు వినిపించదు, అలాగని కథా నడవదు. రెండో బార్‌లో ఉన్న కైశిక నిషాదం ఆరో బార్‌లో కాకలి అయిందని వినేవాడికి తెలియజెప్పడమే ఇక్కడ మనోధర్మం. ఆ ఒక్కటీ వినిపించాక మిగతాది అలంకారం.

అది కూడా రూలు కాదు. డీ సెవెన్ మీద కావాలనే కైశిక నిషాదం వాయిస్తే, కింద పియానోలో కాకలి మోగుతూ ఉండగా, రెండు నిషాదాలూ ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. బ్లూస్ ఏడుపు అక్కణ్నుంచే వస్తుంది. తెలియక వాయిస్తే అపశ్రుతి, తెలిసి వాయిస్తే ఆర్తి. రెంటికీ తేడా తర్వాతి స్వరం చెబుతుంది.

ఇదంతా ఒక్కచోట వినాలంటే 1958 మార్చి 9న న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో, రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో చేసిన రికార్డింగు వినాలి. బ్లూ నోట్ వాళ్ల ‘సమ్‌థింగ్ ఎల్స్’ ఆల్బమ్. పేరుకు నాయకుడు ఆల్టో సాక్సఫోన్ వాయించే కేనన్‌బాల్ యాడర్లీ. పక్కన ట్రంపెట్ మీద మైల్స్ డేవిస్, పియానో మీద హ్యాంక్ జోన్స్, బాస్ మీద శామ్ జోన్స్, డ్రమ్స్ మీద ఆర్ట్ బ్లేకీ. దాదాపు 11 నిమిషాలు. పాట ఎత్తుకునే ముందు అహ్మద్ జమాల్ పద్ధతిలో ఒక చీకటి ఎత్తుగడ, జీ మైనర్‌లో ఒకే పలుకు మళ్లీ మళ్లీ. వింటున్నవాడికి ఇది ఏ పాటో అంతుబట్టదు. తర్వాత మైల్స్ ట్రంపెట్‌కు హార్మన్ మ్యూట్ బిగించి, మైకుకు దగ్గరగా, పాట అందుకుంటాడు. ఆ నాలుగు పలుకులూ అతను ముద్రించిన స్వరలిపిలో ఉన్నట్టు వాయించడు. పలుకును ఆలస్యంగా అందుకుంటాడు, నిలుపును అరకొరగా పట్టుకుని వదిలేస్తాడు. మాట మధ్యలో ఆపి ఊరుకునే మనిషి ముందు కూర్చున్నట్టుంటుంది.

మొదటి సోలో కేనన్‌బాల్‌ది. ఆయన వాయిద్యంలో ఎండ ఉంటుంది. మైనర్‌లో వాయిస్తున్నా మనిషి కుంగడు. చార్లీ పార్కర్ నుంచి వచ్చిన వేగం, బ్లూస్ నుంచి వచ్చిన జారుడు. రెట్టింపు కాలంలో పరిగెత్తుతూ కూడా కార్డు మారే చోటును దాచిపెట్టడు. ఆయన పరుగుల్లో ఆ మలుపులన్నీ విడివిడిగా వినిపిస్తాయి. నిండుగా మాట్లాడే మనిషి ముగించాక మైల్స్ సోలో వస్తుంది. కొన్నే స్వరాలు, చాలా ఖాళీ. కేనన్‌బాల్ కార్డులను చెప్పి చూపిస్తే, మైల్స్ వాటిని మన చెవికే వదిలేస్తాడు. అతను ఊరుకున్నప్పుడు హ్యాంక్ జోన్స్ పియానోలో ఆ ఒక్క వేలి కదలిక, స నుంచి నికి, స్పష్టంగా వినిపిస్తుంది. ఇతర చోట్ల ఉరుములా మోగే బ్లేకీ ఇక్కడ ఎంత అణకువగా ఉన్నాడో కూడా గమనించాలి. పాట అయిపోయాక ముందటి చీకటి ఎత్తుగడ మళ్లీ వస్తుంది.

ఏడాదిన్నర దాటాక, 1959 డిసెంబర్‌లో, బిల్ ఎవాన్స్ తన ముగ్గురి బృందంతో ‘పోర్ట్రెయిట్ ఇన్ జాజ్’లో ఇదే పాట వాయించాడు. స్కాట్ లఫారో బాస్, పాల్ మోషియన్ డ్రమ్స్. పాట పాడి ముగించగానే తాళం నడక ఆగిపోయి, బాస్, పియానో ఒకదాని మాటకు ఒకటి అడ్డు తగులుతూ పోతాయి. కార్డులు పైకి వినిపించడం మానేసినా ముగ్గురి తలలోనూ నడుస్తూనే ఉన్నాయి. రసికులు కొందరు దీన్నే మేలంటారు. తెలివికి నేనూ దణ్నం పెడతాను. దుఃఖానికి మాత్రం 1958 నాటిదే.

ధ ని ల కథ ఇంకా పచ్చిగా వినాలంటే ‘మై ఫన్నీ వాలెంటైన్’ ఉంది. 1937లో ‘బేబ్స్ ఇన్ ఆర్మ్స్’ అనే సంగీత నాటకానికి రిచర్డ్ రాజర్స్, లోరెంజ్ హార్ట్ చేసిన పాట. సీ మైనర్. పైన బాణీ ఉన్నచోటే తారట్లాడుతూ ఉంటే, కింద కార్డు లోపలి ఒక గొంతు బార్‌కు ఒక స్వరం చొప్పున దిగుతుంది: షడ్జం, కాకలి నిషాదం, కైశిక నిషాదం, చతుశ్రుతి ధైవతం, అయిదో బార్‌లో శుద్ధ ధైవతం. అర మెట్టు తర్వాత అర మెట్టు, ఒక్కటీ తప్పకుండా. గౌరీమనోహరి, ఖరహరప్రియ, నఠభైరవి వరసగా ఎదురై తప్పుకున్నట్టుంటుంది. రెండు నిషాదాలు, రెండు ధైవతాలు ఇలా వరసగా పలికే మేళకర్త మన పట్టికలో లేదు, ఉండదు కూడా. రాగానికి అవసరంలేని ఈ దిగుడు మైనర్ పాటకు గుండెకాయ. 1964 ఫిబ్రవరి 12న న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ హాల్లో మైల్స్ ఈ పాట వాయించినప్పుడు పియానో మీద హెర్బీ హాన్‌కాక్ ఈ మెట్లను ఎలా చెదరగొట్టి, ఎలా మళ్లీ కూర్చాడో వినండి. చిత్రమేమిటంటే ఇంత దిగిన పాట చివరికి ఈ ఫ్లాట్ మేజర్‌లో ముగుస్తుంది.

‘ఆటమ్ లీవ్స్’లోనూ జాజ్ వాళ్లు ఇలాంటి దిగుడునే 27, 28 బార్లలో పెట్టుకున్నారు, ఈసారి బాస్‌లో. అప్పటిదాకా బార్‌కు ఒక కార్డు చొప్పున నడిచిన పాట అక్కడ బార్‌కు రెండు కార్డులై జీ నుంచి ఈ ఫ్లాట్ దాకా అర మెట్టు చొప్పున జారుతుంది. సోలో వాయించేవాళ్లు చాలామంది బెదిరేది అక్కడే.

వయొలినో వీణో చేతిలో ఉన్న పాఠకులకు ఒక మాట. కీరవాణి, గౌరీమనోహరి మీ వేళ్లలో ఇప్పటికే ఉన్నాయి. మీకు అడ్డొచ్చేది శ్రుతిపెట్టె ఒక్కటే, కాసేపు దాన్ని ఆపేయండి. కీబోర్డు వచ్చిన ఎవరినైనా పక్కన కూర్చోబెట్టి పై ఏడు కార్డులూ నెమ్మదిగా తిప్పమనండి. మొదట రాగాలాపన జోలికి పోకండి. రెండో బార్‌లో కైశిక నిషాదం, ఆరో బార్‌లో కాకలి నిషాదం, ఏడో బార్‌లో సాధారణ గాంధారం, ఈ మూడింటినే పొడుగ్గా పట్టుకోండి. అవి కుదిరాక మధ్య ఖాళీల్లోకి మీ సంగతులు వాటంతటవే వస్తాయి. గమకం పియానోకు లేదు, మీకుంది. ఆరో బార్‌లో షడ్జం నుంచి కాకలి నిషాదానికి జారే ఆ అర మెట్టును మీరు వాయించినట్టు హ్యాంక్ జోన్స్ కూడా వాయించలేడు.